'సెట్' అనే ఇంగ్లీషు మాటకు అర్థాలెన్ని, పర్యాయపదాలేవి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు నేర్చుకునేవారూ, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించేవారూ తొలి రోజుల్లోనే ఎదుర్కొనే చిక్కుల్లో మూడక్షరాల 'సెట్' ఒకటి. కష్టమైన మాటను నిఘంటువులో ఒకసారి చూస్తే సరిపోతుంది. తేలికగా కనిపించే ఈ మాటను మాత్రం ఎన్నిసార్లు చూసినా మరో కొత్త అర్థం బయటపడుతూనే ఉంటుంది. విద్యార్థులూ అనువాదకులూ దీని గురించి తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి.

'సెట్'కు నిజంగానే వందల అర్థాలున్నాయా?

ఉన్నాయి. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండవ కూర్పులో అన్నిటికంటే పెద్ద ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణంతా, ఈ మాటదే. అందులో 430 అర్థాలను విడదీసి చూపారు. వాటి వివరణకూ ఉదాహరణలకూ దాదాపు 60,000 పదాలు పట్టాయి, అంటే ఒక్క మాట కోసం ఒక చిన్న నవలంత రాశారన్నమాట. అయితే ఆ కిరీటం ఇప్పుడు చేతులు మారింది. అదే నిఘంటువు మూడవ కూర్పు కోసం 'రన్' అనే క్రియను సవరించిన సంపాదకుడు పీటర్ గిలివర్ దానికి 645 అర్థాలు తేల్చారు, ఆ పనికి ఆయనకు తొమ్మిది నెలలు పట్టింది.

ఈ అంకెలను చూసి బెదరనవసరం లేదు. చారిత్రక నిఘంటువు ఎన్నడో వాడుక తప్పిన అర్థాన్నీ, ఒక్క వృత్తివారు మాత్రమే పలికే అర్థాన్నీ, చిన్న చిన్న ఛాయాభేదాలనూ వేరువేరుగా లెక్కపెడుతుంది. రోజూ పత్రిక చదివే ఇంగ్లీషు పాఠకుడికి ఎదురయ్యే అర్థాలు పాతికో ముప్ఫయ్యో ఉంటాయని నా అంచనా.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

మొదట గమనించవలసింది, ఇది ఒక్క మాట కాదు. రెండు వేరు మాటలు కాలక్రమంలో ఒకే రూపంలోకి వచ్చి కలిసిపోయాయి.

మొదటిది క్రియ. పాత ఇంగ్లీషులో 'సిట్టన్' అంటే కూర్చోవడం, 'సెట్టన్' అంటే కూర్చోబెట్టడం. తెలుగులో 'కూర్చొను' నుంచి 'కూర్చోబెట్టు' వచ్చినట్టే అక్కడా ప్రేరణార్థక క్రియ ఏర్పడింది. వస్తువును దాని చోట కూర్చోబెట్టడం, అది కదలకుండా కుదురుకునేలా చేయడం అన్నదే ఈ క్రియకు మూలార్థం. మిగిలిన అర్థాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క భావం నుంచి కొమ్మలుగా విస్తరించినవే.

రెండవది నామవాచకం. 'ఒక జట్టుకు చెందిన వస్తువులు' అనే అర్థంలో వాడే 'సెట్' వెనుక పాత ఫ్రెంచి మాట 'సెట్' ఉంది. దాని మూలం లాటిన్ 'సెక్టా', అంటే అనుసరించేవారి వర్గం. మత శాఖకు ఇంగ్లీషులో వాడే 'సెక్ట్' కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఈ నామవాచకం, కూర్చోబెట్టే క్రియ ఒకే రూపంలో ఉండటం వల్ల ఒకదాని అర్థం మరొకదానిలోకి చొరబడింది. అయినా మూలాలు వేరు కనుక స్టీలు గిన్నెల సెట్టుకూ గడియారం సెట్ చేయడానికీ సంబంధం వెతికితే దొరకదు.

తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. కూర్చోవడం అనే అర్థం గల సంస్కృత ధాతువు 'సద్', లాటిన్ 'సెదేరే', ఇంగ్లీషు 'సిట్' ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి పుట్టాయి. సదస్సు, సదనం, పరిషత్తు, ఉపనిషత్తు ఆ ధాతువు నుంచి మనకు వచ్చాయి. లాటిన్ వైపు నుంచి సెషన్, ప్రెసిడెంట్ వచ్చాయి. జిల్లా పరిషత్తు సమావేశానికి పంచాయతీ ప్రెసిడెంటు వెళ్లారని అంటే, 'సెట్'కు దాయాదులైన రెండు మాటలను ఒకే వాక్యంలో పలికినట్టే.

అన్నిచోట్లా సరిపోయే తెలుగు మాట ఒకటి ఉందా?

లేదు. అయితే దీనికి తోడబుట్టినట్టు ఉండే మాట ఒకటి మనకూ ఉంది, అది 'పెట్టు'. కాలు పెట్టడం, నిప్పు పెట్టడం, ముహూర్తం పెట్టడం, దుకాణం పెట్టడం, ఎలుకకు బోను పెట్టడం, అలారం పెట్టడం, డబ్బు పక్కన పెట్టడం, ఇవన్నీ ఇంగ్లీషులో 'సెట్'తో చెప్పగలిగినవే. చివరకు బందీని విడిచిపెట్టడాన్ని కూడా ఇంగ్లీషులో 'సెట్ ఫ్రీ' అంటారు. కూర్చోబెట్టడంలో సైతం ఉన్నది 'పెట్టు' కనుక ఈ పోలిక పూర్తిగా యాదృచ్ఛికం కాదని, రెండు భాషలవారూ ఒకే అనుభవాన్ని చిన్న క్రియలో ఇమిడ్చారని నాకు అనిపిస్తుంది. ఒక క్రియకు ఇన్ని అర్థాలేమిటని ఇంగ్లీషును ఆక్షేపించే ముందు అన్నం పెట్టడం, పేరు పెట్టడం, చీవాట్లు పెట్టడం, గుడ్డు పెట్టడం, కంటతడి పెట్టడం అనే మాటలను పరాయి భాషవాడికి ఎలా వివరిస్తామో ఆలోచించుకోవచ్చు.

'పెట్టు' సరిపోని చోట తరచుగా 'కట్టు' సరిపోతుంది. విరిగిన ఎముకను దాని చోటికి తెచ్చి నిలపడాన్ని ఇంగ్లీషులో 'సెట్' చేయడం అంటారు. మనం కట్టు కట్టడం అంటాం, తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తక్కువ. పాటకు బాణీ కడతాం, సరుకుకు ధర కడతాం, మామిడి పూత పిందె కడుతుంది. ఈ మూడింటికీ ఇంగ్లీషులో 'సెట్' చెల్లుతుంది. తాతగారి పళ్ళ సెట్టును కట్టుడు పళ్ళు అనడంలోనూ ఈ క్రియే ఉంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది 'పొదుగు'. ఉంగరంలో రాయిని బిగించడాన్ని ఇంగ్లీషువారు 'సెట్' అంటారు. గుడ్ల మీద కోడిని కూర్చోబెట్టడాన్నీ 'సెట్' అనే అంటారు. తెలుగులో రాళ్లనూ పొదుగుతాం, కోడీ గుడ్లను పొదుగుతుంది. కంసాలి కొలిమికీ కోళ్ల గూటికీ పొత్తేమిటని అడిగితే, రెండుచోట్లా ఒకటి మరొకదానిలో కదలకుండా ఒదిగి కూర్చోవాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే జంటను ఒకే మాటతో పట్టుకోవడం అరుదు. ఇలాంటి జంట దొరికినప్పుడు అనువాదకుడు రెండవ ఆలోచన లేకుండా దానినే వాడుకోవాలి.

పెరుగు, సిమెంటు, మైసూరుపాకు 'సెట్' అవుతాయంటారు. వీటన్నిటికీ 'గట్టిపడటం' అని రాస్తే చాలదా?

అర్థం తెలుస్తుంది, కానీ తెలుగు వినిపించదు. పెరుగు తోడుకుంటుంది. పోసిన పాకం బిగుస్తుంది. ద్రవరూపం పోయి తన ఆకారంలో నిలిచిపోవడమే ఇక్కడి భావం. ఇంగ్లీషు దానికి ఒకే మాట వాడితే తెలుగు పదార్థాన్ని బట్టి మాట మారుస్తుంది.

సిమెంటు విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇంజనీరింగులో 'సెట్టింగ్' వేరు, 'హార్డెనింగ్' వేరు. నీళ్లు కలిపిన సిమెంటు మెత్తదనం కోల్పోయి బిగుసుకోవడం మొదటిది, ఆ తర్వాత రోజుల తరబడి బలం పుంజుకోవడం రెండవది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణం ప్రకారం తొలి సెట్టింగ్ సమయం 30 నిమిషాలకు తగ్గకూడదు, తుది సెట్టింగ్ సమయం 600 నిమిషాలకు మించకూడదు. మరీ త్వరగా బిగుసుకోకుండా ఉండేందుకే తయారీలో జిప్సం కలుపుతారు. కనుక ఇలాంటి పాఠాన్ని అనువదించేటప్పుడు రెండింటికీ 'గట్టిపడటం' అనే రాస్తే విద్యార్థి తప్పు నేర్చుకుంటాడు. 'బిగుసుకోవడం', 'గట్టిపడటం' అని విడదీయడం మంచిది. మేస్త్రీలు 'మాలు సెట్ అయిపోయింది' అని ఎలాగూ అంటున్నారు కనుక 'సెట్ కావడం' అని ఉంచేసినా నష్టం లేదు.

సూర్యుడు 'సెట్' కావడమేమిటి?

సూర్యుడు రోజంతా ప్రయాణించి పడమటి అంచున కూర్చుంటాడనే భావన దీనికి ఆధారం. తెలుగులో పొద్దు వాలుతుంది, గుంకుతుంది. గ్రాంథికంగా సూర్యుడు అస్తమిస్తాడు. వాన విషయంలో మనకు ఇంకా మంచి మాట ఉంది. విడవకుండా కురిసే వాన 'సెట్ ఇన్' అయిందని ఇంగ్లీషులో రాస్తే తెలుగులో ముసురు పట్టిందని రాయాలి.

సమూహం అనే అర్థంలో దీనికి తెలుగు పర్యాయపదాలేవి?

సమూహంలో ఏమున్నాయన్నదాన్ని బట్టి మాట మారుతుంది. రెండే ఉంటే జత, తాళంచెవులైతే గుత్తి, కాగితాలైతే కట్ట. మెకానిక్కు దగ్గరుండే పానాలను మాత్రం పానాల సెట్టు అనే అంటాం, దానికి మరో మాట వెతకడం వృథా శ్రమ. సెట్ దోసె కూడా అంతే. కన్నడ సీమ నుంచి మన హోటళ్లకు వచ్చిన ఈ మెత్తటి దోసెలు ఒక పళ్ళెంలో రెండో మూడో కలిపి వడ్డిస్తారు కనుక ఆ పేరు వచ్చింది.

గణితంలో మాత్రం 'సమితి' స్థిరపడింది. శూన్య సమితి, ఉపసమితి అనే మాటలు తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివినవారికి తెలిసినవే. అక్కడ సెట్టు, గుంపు, సమూహం అని మార్చి మార్చి రాయకూడదు, ఎందుకంటే గణితంలో 'సమూహం' అనే మాట 'గ్రూప్' అనే మరో భావనకు కేటాయించబడింది. పారిభాషిక పదానికి పర్యాయపదం ఉండదు.

ఆటల్లో సెట్ అంటే ఒక విభాగం. టెన్నిస్‌లో కనీసం రెండు తేడాతో ఆరు గేములు గెలిచినవారిది సెట్, 6-6 వద్ద సాధారణంగా టై-బ్రేక్ ఆడతారు. వాలీబాల్‌లో మొదటి నాలుగు సెట్లు 25 పాయింట్లకు, ఐదవది 15 పాయింట్లకు ఆడతారు. బంతిని స్మాష్‌కు అనువుగా లేపి ఇచ్చే ఆటగాణ్ని సెట్టర్ అంటారు. ఇక్కడ సెట్టర్‌లోనిది కూర్చోబెట్టే క్రియ, సెట్‌లోనిది సమూహపు నామవాచకం. ఒకే మైదానంలో రెండు మాటలూ కలిసి ఆడుతున్నాయి.

టీవీ సెట్, సెట్-టాప్ బాక్స్, సినిమా సెట్ అన్నప్పుడు?

కొన్ని భాగాలను కలిపి అమర్చిన యంత్రం కనుక రేడియోనూ టీవీనీ సెట్ అన్నారు. ఆ సెట్టు మీద పెట్టే పెట్టె సెట్-టాప్ బాక్స్. ఇప్పటి పలుచటి టీవీ మీద అగ్గిపెట్టె కూడా నిలవదు, పెట్టెను కింది అరలో పెడుతున్నాం, పేరు మాత్రం పైనే ఉండిపోయింది. సినిమా సెట్ అంటే కథ జరిగే చోటును కృత్రిమంగా నిర్మించి నిలబెట్టినది. హైదరాబాద్ శివార్లలో 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ పుణ్యమా అని ఈ అర్థాన్ని తెలుగువారికి వేరే వివరించనక్కరలేదు.

ఎంసెట్, ఐసెట్, ఎడ్‌సెట్‌లలోని 'సెట్' ఇదేనా?

కాదు. అది 'కామన్ ఎంట్రన్స్ టెస్ట్' అనే మూడు మాటల మొదటి అక్షరాల కూర్పు, అందుకే మార్పులు జరిగినా చివరి ముక్క అలాగే ఉంటుంది. ఎంసెట్ పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచీ తెలంగాణలో 2024 నుంచీ ఈఏపీసెట్‌గా మారింది. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత కోసం రాసే రాష్ట్ర స్థాయి 'సెట్'లో ఉన్నది మళ్లీ వేరు, అది 'స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్'. అయితే పరీక్ష హాలులో మీ చేతికి వచ్చే ప్రశ్నపత్రం 'సెట్-ఎ'నో 'సెట్-బి'నో అయితే అది మాత్రం మన మాటే.

పుట్, ప్లేస్, లే, ఫిక్స్ అనే మాటలు దీనికి పర్యాయపదాలేనా?

కొన్నిచోట్ల అవుతాయి, కానీ ఒకదాని చోట మరొకటి కళ్లు మూసుకుని వాడలేం. 'పుట్' అన్నిటికంటే సాదా మాట, ఎక్కడైనా ఎలాగైనా పెట్టడం. 'ప్లేస్' అంటే చోటు చూసుకుని జాగ్రత్తగా ఉంచడం. 'లే' అంటే పడుకోబెట్టినట్టు పరచడం, ఇటుకలు పేర్చడానికీ తివాచీ పరచడానికీ అది తగును. 'ఫిక్స్' అంటే ఊడకుండా బిగించడం. 'సెట్'లో ఉన్న అదనపు భావం ఏమిటంటే, ఆ వస్తువు ఉండవలసిన స్థితి ముందే నిర్ణయమై ఉంది, దానిని ఆ స్థితికి తెస్తున్నాం. గడియారాన్ని బల్ల మీద 'పుట్' చేస్తే అది బల్ల మీద ఉంటుంది, 'సెట్' చేస్తే సరైన సమయం చూపిస్తుంది.

నిర్ణయించడం అనే అర్థంలో డిటర్మిన్, ఎస్టాబ్లిష్, అపాయింట్ వంటి మాటలు దీనికి దగ్గరగా వస్తాయి. అవి కార్యాలయపు భాషకు చెందినవి. పెళ్లి తేదీ గురించి మాట్లాడుతూ వాటిని వాడితే ఇంగ్లీషువారికి ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టుంటుంది.

'సిట్', 'సెట్' మధ్య తరచుగా పొరపాటు పడుతున్నాను. గుర్తుపెట్టుకోవడం ఎలా?

'కూర్చొను', 'కూర్చోబెట్టు' మధ్య తేడా గుర్తుంటే చాలు. తానే కూర్చుంటే 'సిట్', మరొకదానిని కూర్చోబెడితే 'సెట్'. కర్మ లేకుండా 'సెట్' వాడవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పొద్దు, పెరుగు, సిమెంటు అలాంటివే. రూపాల విషయంలో ఇబ్బంది లేదు, వర్తమానంలోనూ భూతకాలంలోనూ 'సెట్' 'సెట్'గానే ఉంటుంది. చివర 'ఎడ్' చేర్చి 'సెట్టెడ్' అనడం తప్పు.

'సెట్ అప్', 'సెట్ ఆఫ్', 'సెట్ అసైడ్' వంటివి విడిగా నేర్చుకోవాలా?

నేర్చుకోవాలి, ఎందుకంటే పక్కన చేరిన చిన్న మాట అర్థాన్ని పూర్తిగా తిప్పేస్తుంది. దుకాణం పెట్టడమూ 'సెట్ అప్'యే, అమాయకుణ్ని కుట్రతో ఇరికించడమూ 'సెట్ అప్'యే. 'సెట్ అవుట్' అంటే ప్రయాణమై బయలుదేరడం, లేదా విషయాన్ని వివరంగా రాసి చూపడం. 'సెట్ అబౌట్' అంటే పనికి పూనుకోవడం. 'సెట్ బ్యాక్' వెనక్కి నెడుతుంది.

ఎక్కువ నష్టం చేసేది 'సెట్ అసైడ్'. ఇంట్లో నెలకు వెయ్యి రూపాయలు సెట్ అసైడ్ చేస్తే అది పక్కన పెట్టడం, దాచడం. కోర్టు ఒక తీర్పును సెట్ అసైడ్ చేస్తే అది రద్దు చేయడం. పై కోర్టు కింది కోర్టు తీర్పును 'పక్కన పెట్టింది' అని తెలుగు వార్తల్లో కనిపిస్తుంటుంది. ఆ మాట చదివిన కక్షిదారుడు, తీర్పు ఇంకా బతికే ఉందనీ తర్వాత ఎప్పుడో చూస్తారనీ అనుకునే ప్రమాదం ఉంది. ప్రతివాది హాజరు కానందున వెలువడిన ఏకపక్ష డిక్రీని తొలగించమని కోరేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డర్ 13వ రూలులో ఉన్న అవకాశం కూడా సెట్ అసైడ్ అనే మాటతోనే ఉంటుంది. దానిని 'డిక్రీ రద్దు' అనాలి. తెలుగులో స్పష్టమైన మాట ఉండగా మూలంలోని ముక్కలను విడివిడిగా తెలుగు చేయడం ఇక్కడ కేవలం శైలీ దోషం కాదు, చదివేవారిని తప్పుదారి పట్టించడం.

'సెట్ ఆఫ్' కూడా ఇలాంటిదే. ప్రయాణంలో అది బయలుదేరడం, టపాకాయ విషయంలో పేల్చడం. లెక్కల్లో అది ఒకరి బాకీని మరొకరి బాకీతో సర్దుబాటు చేయడం. విచారణ ఖైదీగా జైల్లో గడిపిన కాలాన్ని తర్వాత పడిన శిక్షలో మినహాయించడాన్నీ చట్టంలో ఇదే మాటతో చెబుతారు.

తెలుగు మాటల్లో 'సెట్ అయ్యింది' అనడం తప్పా?

తప్పనడానికి నాకు మనసొప్పదు, కోట్లమంది నోట నలుగుతున్న మాట అది. అయితే అది ఇంగ్లీషు 'సెట్' కాదని, మనం తయారు చేసుకున్న తెలుగు మాటని గుర్తించాలి. 'ఆ చొక్కా నీకు సెట్ అయ్యింది', 'వాళ్లిద్దరికీ సెట్ కాదు', 'ఈ ఊరు నాకు సెట్ అవ్వలేదు' అనే వాక్యాలను ఉన్నవున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే ఎదుటివారికి బోధపడదు, అక్కడ వేరువేరు మాటలు వాడాలి. విదేశాలకు వెళ్లిన మన విద్యార్థులు ఈ పొరపాటు చేయడం నేను విన్నాను.

రాతలో మాత్రం నా మొగ్గు పాత మాటల వైపే. చీర నప్పుతుంది. సంబంధం కుదురుతుంది. నగ అమరుతుంది. ఇద్దరు మనుషులకు పొసగుతుంది, లేదా పొసగదు. అత్తాకోడళ్లకు 'సెట్ కాదు' అంటే వినేవారికి విషయం తెలుస్తుంది, 'పొసగదు' అంటే ఆ ఇంటి గాలి కూడా తెలుస్తుంది.

అమెరికాలో దుకాణంలో 'ఆల్ సెట్?' అని అడిగితే ఏమని జవాబివ్వాలి?

కొత్తగా వెళ్లినవారిని తికమక పెట్టే ప్రశ్న ఇది. కౌంటర్ దగ్గర అడిగితే మీకు కావలసినవన్నీ దొరికాయా, ఇక బిల్లు వేయవచ్చా అని భావం. హోటల్లో తినడం పూర్తయ్యాక అడిగితే ఇంకేమైనా కావాలా అని. 'అయామ్ ఆల్ సెట్' అని మీరే అంటే 'చాలండీ, ఇంకేమీ వద్దు' అని మర్యాదగా చెప్పినట్టు. కనుక ఇంకా ఏదైనా కావాలనుకుంటూ ఆ మాట అనకండి, వడ్డించేవారు వెళ్లిపోతారు.

మన సెట్టి, శెట్టి అనే పేర్లకు దీనితో సంబంధం ఉందా?

లేదు. అవి సంస్కృతంలోని 'శ్రేష్ఠి' నుంచి వచ్చాయి, శ్రేష్ఠి అంటే వర్తకుల్లో పెద్ద.